గోరు మందం నడక

"ఇవాళైనా కదిలిందా?"

చెప్పులు కుట్టే పెద్దాయన ల్యాబ్ గుమ్మంలోనే అడిగాడు.

"మీరే చూడండి బాబాయ్ గారూ" అంటూ ల్యాబ్ అమ్మాయి మైక్రోస్కోపు ముందుకి స్టూలు జరిపింది.

గాజు పళ్ళెంలో పలచటి పొర. దాని మీద ఆయన భార్య నల్లగుడ్డు అంచు నుంచి తీసిన ఆవగింజంత ముక్క. అందులోంచి కణాలు బయటికి పాకి పొరంతా పరుచుకోవాలి. అప్పుడే డాక్టరు ఆ పొరను చూపు పోయిన కంటి మీద అతికిస్తాడు. మొదట్లో చకచకా పాకిన కణాలు మూడు రోజులుగా గుండ్రంగా ముడుచుకుని కూర్చున్నాయి.

"అసలు ఎలా నడుస్తాయమ్మా? కాళ్ళుంటాయా?"

"ఎప్పటికప్పుడు చేసుకుంటాయి. ఒంటిని ముందుకి సాగదీసి, కింద పట్టు దొరకబుచ్చుకుని, వెనక భాగాన్ని లాక్కుంటాయి."

"పట్టు దొరకట్లేదేమో మరి. బురదలో ఎంత మంచి జోడైనా జారుతుంది."

అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. పొర మెత్తబడిందేమోనని తనకీ అనుమానంగానే ఉంది. ఆ పూటే ముక్కని కాస్త గట్టి పొర మీదికి మార్చింది.

మర్నాడు ఆయన మైక్రోస్కోపుకి కన్ను ఆనించాడు. ముడుచుకున్నవన్నీ విసనకర్రల్లా విచ్చుకున్నాయి. ఒకదాన్నొకటి ఆనుకుని, గుంపుగా బయల్దేరాయి.

"మా ఆవిడ ఆరేళ్ళు మంచం దిగలేదమ్మా" అన్నాడు తల ఎత్తకుండానే. "ఏటా కొత్త జోడు కుట్టేవాణ్ణి. ఒక్కటీ అరగలేదు. ఇప్పుడు చూడు, ఎలా పరిగెడుతోందో!"

"పరిగెత్తొద్దని చెప్పండి. రోజుకి గోరు మందం నడిస్తే చాలు."

"నా మాట ఎప్పుడు విన్నది కనక!"

వారం తిరిగేసరికి పొర నిండింది. ఆపరేషన్ జరిగినంతసేపూ ఆయన వరండాలో బెంచీ అంచున కూర్చున్నాడు. అమ్మాయి తెచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

డాక్టరు బయటికొచ్చి మాస్కు తీశాడు. "చక్కగా అతుక్కుంది పెద్దాయనా. చూపు వస్తుందనే నా నమ్మకం."

ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు జోడించి, మొహం తుడుచుకుని, ఫోన్ కోసం జేబులు తడుముకున్నాడు.

"పిల్లలకి చెప్పాలమ్మా... మీ అమ్మ నడిచిందర్రా అని చెప్పాలి."

కళ్ళు ఇంకొకరికి రాసిచ్చి, ఆమె కన్నుమూసి ఆ రోజుకి పదిహేడు రోజులు.