హుషారైన దరువు

ప్రపంచ జానపద నృత్యోత్సవానికి వచ్చిన విదేశీ బృందాలకు గని కంపెనీ క్లబ్బులో స్టేజీ కట్టారు. గని కార్మికుడు కొమురెల్లికి మాత్రం గేటు దగ్గర డప్పు కొట్టి స్వాగతం పలికే డ్యూటీ వేశారు.

నడుమ మైకు సెట్టు కాలిపోయి పాట ఆగింది. ఆఫీసరు గేటు దగ్గరికి ఉరికొచ్చాడు.

"స్టేజీ ఎక్కు. హుషారైన దరువు కొట్టు."

"పొద్దుగాల షిఫ్టుల పైకప్పు కూలి మా ఓదెలన్న సచ్చిపోయిండు సార్. శవం ఇంక దవాఖానలనే ఉన్నది. ఇయ్యాల ఆటలు ఆపుమంటే ఇనకపోతిరి."

"దానికీ దీనికీ ఏం సంబంధం? కొట్టు."

కొమురెల్లి స్టేజీ ఎక్కి కొట్టాడు. విదేశీయులు చేతులు కలిపి గుండ్రంగా ఎగిరారు. ముందు వరుసలో ఆఫీసరు "వన్స్ మోర్" అన్నాడు.

వెనక వరుసల్లో కార్మికులంతా చెప్పులు విడిచి లేచి నిలబడ్డారు.

అది పాడె ముందు కొట్టే దరువు.