చెంచాడు నూనె

నేను ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రోజూ మూడొందల మందికి వండుతాను. ఇంట్లో మాత్రం మా పాప చెప్పినట్టే వినాలి.

"నూనె అర చెంచానే, నాన్నా!"

క్యారెట్, క్యాబేజీ, బీన్స్ తనే తూచి ఇచ్చింది. బాండీలో వేయించాను. తను అటు తిరగగానే, ఉడికిన నూడుల్స్‌లో గుట్టుగా ఇంకో చెంచాడు నూనె కలిపాను.

"నాకు తెలుసులే," అంటూ పాప వాటిని కుళాయి కింద మూడుసార్లు కడిగేసింది.

అన్నీ కలిపి వడ్డించాను. నాలుగు క్యారెట్ ముక్కలు తిని, కడుపు నిండిపోయిందంది.

"ఇంకొక్క ముద్దమ్మా, నా కోసం."

వద్దని చెయ్యెత్తింది. ఆరో తరగతిలో కొనిచ్చిన చిన్నపిల్లల వాచీ మోచేతి దాకా జారింది.

వచ్చే నెల పాపకి ఇరవై నిండుతాయి.