ఒక్క లోపం కావాలి

"మీ సౌగంధికకి రేపు పొద్దున్నలోగా ఒక్క లోపమైనా పెట్టండి భార్గవిగారూ. లేకపోతే కథ పోటీలోంచి తీసేస్తామండి," అంది ఫోన్లో సుష్మ. ఆవిడ కథల యాప్‌లో ఎడిటరు.

భార్గవికి ఒళ్లు మండింది. "లోపం లేకపోవడం కూడా తప్పేనాండీ?"

"తప్పేనండి. కొల్లేట్లో పడవ మునిగితే నలభై మందిని ఒక్కతే ఒడ్డుకు చేర్చింది. సరే, బానే ఉంది. జళ్లో మల్లెపువ్వు కూడా తడవలేదని రాశారు! ఎవరు నమ్ముతారండీ?"

సౌగంధిక ఎవరంటే, రాత్రి ఎనిమిదింటి టీవీ సీరియల్లో పెళ్లికాని కలెక్టరు హీరోకి భార్గవి కట్టబెట్టిన భార్య. హీరో సీరియలు వాళ్లవాడు, పెళ్లాం మాత్రం భార్గవి సొంతం. ఇలా రాసేదాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. పోటీలో గెలిచిన కథను పుస్తకంగా వేసి, ఏలూరులో సభ పెడతారు. అట్ట మీద రచయిత్రి పేరు ఉంటుంది. తన పెళ్లి శుభలేఖ తర్వాత భార్గవి పేరు ఇంతవరకూ ఎక్కడా అచ్చు కాలేదు. ఆ అట్ట కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

లోపాల కోసం ఊరంతా వెతకడం దేనికని, ఇంటి ముందున్న కిరాణా కొట్లోకి వచ్చింది. తాడేపల్లిగూడెం బజార్లో ఆ కొట్టు ఆమె భర్త విజయ్‌కుమార్‌ది.

"ఏవండీ, నాలో లోపాలేవిటో చెప్పండి."

కందిపప్పు తూస్తున్న విజయ్‌కుమార్ చెయ్యి ఆగింది. "ఎందుకూ, బానే ఉన్నావుగా."

"కథ కోసమండి. ఒట్టు, నేనేమీ అనుకోను."

పెళ్లాం లోపాలు పెళ్లానికే చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఆ సంగతి తెలియనంత అమాయకుడేం కాదతను. కానీ ఆమె మొహం చూస్తే జాలేసింది. "నోటితో వద్దులే, రాసిస్తాను," అని చెవిమీది పెన్ను తీసి, సరుకులు రాసే చీటీ ఒకటి చింపాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? సరుకులు రాసినట్టే వరసగా, పక్కన ఎంతెంతో కూడా వేసి రాశాడు.

అలక, నెలకు నాలుగు. చెప్పిందే చెప్పడం, రోజుకు పది. మా అమ్మ ఫోను చేస్తే తలనొప్పి, ఎన్ని ఫోన్లకు అన్ని. మా అక్క పెట్టిన నాసిరకం చీర ప్రస్తావన, ఏడాది పొడవునా. తప్పు తనదైనప్పుడు నిద్ర నటించడం, అవసరాన్ని బట్టి. ఇద్దరు బేరాలవాళ్లు వచ్చి వెళ్లేసరికి చీటీ రెండువైపులా నిండింది.

"ఇదేవిటండీ, చివర్న 'వగైరా' అని ఉంది?"

"చీటీ అయిపోయింది."

భార్గవి ముక్కుపుటాలు అదిరాయి. ఒట్టు పెట్టుకున్న పాపానికి నోరు నొక్కుకుని లోపలికెళ్లి రాయడానికి కూర్చుంది. ఆ కసితో, ఒక్క లోపం చాలన్నా వినకుండా చీటీలో ఉన్నవన్నీ సౌగంధికకు తగిలించింది. అక్కడొక చిక్కొచ్చింది. పెళ్లాం అలిగితే కలెక్టరు ఏం చెయ్యాలి? సీరియల్లో అయితే గాజుగ్లాసు విసిరి కొడతాడు. భార్గవికి గ్లాసులు విసిరే మగాణ్ణి దగ్గర్నుంచి చూసిన అనుభవం లేదు. అందుకని ఇంట్లో జరిగేదే రాసేసింది. కలెక్టరు ఏమీ అనలేదు. మజ్జిగ తాగి ఆఫీసుకు వెళ్లిపోయాడు. ప్రతి లోపానికీ అతను మజ్జిగే తాగాడు.

మర్నాడు పొద్దున్నే పక్కవీధి రత్నాంబ కొట్టుకొచ్చి, "కలెక్టరుగారూ, అరకిలో మినప్పప్పు ఇప్పించండి," అంది. రాత్రే యాప్‌లోకెక్కిన ఆ కథను బజారు బజారంతా చదువుతోంది మరి. మజ్జిగ తాగేదెవరో అందరికీ ఇట్టే తెలిసిపోయింది. విజయ్‌కుమార్ మినప్పప్పు తూచి ఇచ్చాడు.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, సుష్మ ఫోను.

"అబ్బ, ఎంత బావుందండీ! సౌగంధిక ఇప్పుడు అచ్చం మనిషి. నన్ను నేను చూసుకున్నట్టుంది. మొదటి బహుమతి మీదేననుకోండి. కాకపోతే ఒక్కటి."

"చెప్పండి."

"ఆ కలెక్టరేనండి, నమ్మబుద్ధి కావట్లేదు. ఇన్ని పడి నోరెత్తని మగాడు ఎక్కడుంటాడండీ? కామెంట్లన్నీ అవే. లోపాలన్నీ ఆవిడకిచ్చేసి అతన్ని దేవుణ్ణి చేశారు. ఒక్కసారి చెయ్యి చేసుకున్నట్టు రాయండి. ఒక్క చెంపదెబ్బ చాలు, సహజంగా ఉంటుంది."

"కొట్టాలాండీ?"

"మధ్యాహ్నంలోగా పంపండి. అట్ట బొమ్మ వేసేసి మీ పేరు కోసం ఖాళీ ఉంచారు."

భార్గవి ఫోను పెట్టేసి బియ్యం బస్తా మీద కూలబడింది. భర్తకు సంగతంతా చెప్పింది. చెబుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"రాయకపోతే పుస్తకం లేదండి. రాస్తే రేపట్నుంచి ఊరంతా మీరు పెళ్లాన్ని కొడతారనుకుంటుంది. పదకొండేళ్లలో మీరు నన్ను గట్టిగా ఒక మాటన్న పాపాన పోలేదు. నా చేత్తో నేనెలా రాయనండీ? నావల్ల కాదు. పోతే పోయింది వెధవ పుస్తకం!" అని ముక్కు చీదింది.

విజయ్‌కుమార్ చేతిలో ఉన్న పొట్లానికి పురికొస చుట్టి, ముడేసి, తెంపి పక్కన పెట్టాడు.

"ఏ చెంప?" అన్నాడు.

"ఆఁ?"

"ఏ చెంప మీద కొట్టానని రాస్తావూ అని."

"ఏ చెంపయితే ఏవిటండీ?"

"రేపు రత్నాంబగారు నిన్నో మాటు, నన్నో మాటు అడుగుతారు. ఇద్దరం ఒకే చెంప చెప్పాలి కదా."