కింద సంతకం చేసినవాళ్లు

ఉదయం ఏడైనా బేకరీలో పొయ్యి వెలగలేదు. పిండి కలిపే మిషన్ తిరగడం లేదు. పనివాళ్లు ముగ్గురూ వెనక గదిలో మైదా బస్తాల మీద కూర్చుని ఉన్నారు.

"ఏమాయె సామేలూ? గ్యాస్ అయిపోయిందా?" అడిగాడు యజమాని దశరథం.

"గ్యాస్ ఉన్నది సేటూ. మేమే ముట్టియ్యలే," అన్నాడు సామేలు. బ్రెడ్లు, పఫ్‌లు కాల్చే మాస్టర్ అతనే. "మూడు మాటలు తేలాలె. తేలినంక ముట్టిస్త."

"గియ్యాల్నే దొరికిందా మీకు? పదకొండింటికి ఫంక్షన్‌హాల్‌కు నాలుగు వందల పఫ్‌లు పోవాలె!"

"వేరే దినం అడిగితే రేపు చూద్దామంటున్నవు గదా."

మూడు మాటలూ దశరథం ఎప్పటినుంచో వింటున్నవే. వారానికో రోజు సెలవు. జీతం పెంపు. పొయ్యి గదిలో వేడిని బయటికి లాగే ఫ్యాన్.

"మొన్న రాజవ్వ కండ్లు తిరిగి పడె. తలకు నాలుగు కుట్లు పడ్డయి," అన్నాడు సామేలు.

ట్రేలు కడిగి, సరుకు ప్యాక్ చేసే రాజవ్వ కొంగును తలకున్న కట్టు మీదికి లాక్కుంది.

"దవాఖానకు నేనే తీస్కపోయిన గదా!" అన్నాడు దశరథం.

"తీస్కపోయినవు కొడుకా, కాదంటలేను. మల్ల తెచ్చి గా పొయ్యి కాడనే నిలవెడితివి," అంది రాజవ్వ.

దశరథానికి కోపం వచ్చింది.

"మైదా రేటెంతున్నది, నూనె రేటెంతున్నది, మీకేం తెలుసు? చేస్తే చేయుండ్రి, లేకపోతే పోండ్రి. ఒక్క ఫోన్ కొడితే జగిత్యాల నుంచి మనుషులు దిగుతరు!"

పిండి కలిపే రమణ ఉలిక్కిపడి లేచాడు. అతని భార్యకు నెలలు నిండాయి. "సామేలన్నా, ఎందుకచ్చిన లొల్లి? ముట్టిద్దామే," అన్నాడు మెల్లగా. సామేలు రమణ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

దశరథం జగిత్యాలకు ఫోన్ చేశాడు. పెళ్లిళ్ల సీజన్‌లో మనుషులు ఎక్కడ దొరుకుతారని అక్కడి బేకరీ ఆయన నవ్వాడు. సిరిసిల్లలో తెలిసినాయనకు చేస్తే, "నేను పోయిన నెలనే సెలవులు ఒప్పుకున్న. నా మనుషులను నీకు పంపి నేనేం చేసుకోవాలె?" అన్నాడు.

ముందు గదిలో సౌమ్య ఓ నిశ్చితార్థం కేకుకు క్రీమ్ పూస్తోంది. దశరథం భార్య ఆమె.

"నువ్వన్న చెప్పు జర వీళ్లకు," అన్నాడు దశరథం.

"వాళ్లడిగిన దాంట్ల తప్పేమున్నది?" అంది ఆమె, కేకు మీంచి చూపు తిప్పకుండా.

ఇక దశరథం తలకు తువ్వాల చుట్టుకున్నాడు. పొయ్యి తానే ముట్టించాడు. సామేలు నిన్న చేసి ఫ్రిజ్‌లో పెట్టిన పఫ్‌లను ట్రేలకు సర్ది లోపలికి తోశాడు. మొదటి విడత మాడింది. రెండో విడత లోపల పచ్చిగా ఉండిపోయింది. మూడోసారి పొయ్యి తలుపు తెరిచేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది, కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. చేతిలో ట్రే జారింది.

అతను పడకుండా పట్టుకుంది రాజవ్వే. స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, అట్టముక్కతో విసిరింది.

"గిట్లనే అయితది కొడుకా," అంది.

దశరథం నేల మీద చెల్లాచెదురైన పఫ్‌ల వంక చూశాడు.

"నేను గంట సుత నిలవలే," అన్నాడు. "కూసో సామేలూ. మాట్లాడుదాం."

ఫ్యాన్ ఈ వారంలోనే పెట్టిస్తానన్నాడు. సామేలు మూడు వేలు పెంచమన్నాడు, రెండు దగ్గర తేలింది. సెలవులు వంతులవారీగా. సామేలు ఆదివారం అడిగాడు. "మా పాప చర్చిల పాట పాడుతది సేటూ. ఒక్కసారి సుత వినలే." రమణ మంగళవారం, రాజవ్వ గురువారం తీసుకున్నారు.

"నోటి మాట వద్దు. కాయిదం మీద పెడదాం," అన్నాడు దశరథం తనంతట తానే.

సౌమ్య ఆర్డర్ల పుస్తకంలోంచి ఓ తెల్ల కాగితం చింపి, గబగబా రాసి, అందరికీ చదివి వినిపించింది. "ఈ మూడు షరతులు కింద పనివాళ్లుగా సంతకం చేసినవాళ్లందరికీ ఈ నెల నుంచే వర్తిస్తాయి."

"మంచిగ రాసినవు," అని దశరథం కుడిపక్కన 'యజమాని' అన్నచోట సంతకం పెట్టాడు. ఎడమపక్కన సామేలు, రమణ పెట్టారు. రాజవ్వ కేకులకు వాడే ఎర్ర రంగులో వేలు ముంచి వేలిముద్ర వేసింది. ఆ వెంటనే రమణ మిషన్ తిప్పాడు. సామేలు పొయ్యి మంట సరిచేసి, మొదటి ట్రే లోపలికి తోశాడు. నెయ్యి వాసన వీధి దాకా పాకింది.

దశరథం కాగితాన్ని మడత పెట్టబోతుంటే సౌమ్య ఆగమంది. చేతికంటిన క్రీమ్ తుడుచుకుని, రాజవ్వ వేలిముద్ర కింద సంతకం పెట్టింది.

దశరథం నవ్వాడు. "సాక్షి సంతకమా? గాడ కాదు, గిటు నా పేరు కింద పెట్టాలె. గది పనోళ్ల వరుస."

"ఎరికే," అంది సౌమ్య పెన్ను మూత పెడుతూ. "తొమ్మిదేండ్ల సంది కేకులు చేస్తున్న. నా సెలవు శుక్రారం."