ఆర్. సుందరి

సారం అనే పేటలోని స్కాన్ సెంటర్లో రాత్రి డ్యూటీ రాఘవన్‌ది. తీసిన స్కాన్లను నెట్‌వర్క్‌లో ఆసుపత్రి కంప్యూటర్‌కు పంపడం అతని పని. రెండేళ్ల కిందట అతని భార్య సుందరి స్కాన్‌నే ఆ కంప్యూటర్ పేరు కలవలేదని తిప్పికొట్టింది. ఇక్కడ ఆమె పేరు ముందు తండ్రి ఇనీషియల్ 'వి' ఉంది, అక్కడ భర్త ఇనీషియల్ 'ఆర్' ఉంది. ఆ ఒక్క అక్షరం సరిచేసేసరికి తెల్లారింది. అప్పటికి సుందరి ప్రాణాలతో లేదు. ఆ కోపం అతనిలో ఇంకా చల్లారలేదు.

ఈ రాత్రి చివరి పేషెంటు వెళ్లాక అతను మెషిన్ ఆపేశాడు. అప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రిలో స్కాన్లు చూసే అర్చిత.

"ఏందన్నా, ఇప్పుడొచ్చిన తల స్కాన్ అంతా చెదిరిపోయుండాది. ఆయమ్మను కదలకుండా పడుకోమని చెప్పు."

"ఈడ ఎవరుండారమ్మా? పేరేంది?"

"ఆర్. సుందరి. మా సిస్టం టక్కున తీసుకునేసింది."

రాఘవన్ ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడా తీసుకునేది? ఇప్పుడా?" అని అరిచి ఫోన్ విసిరికొట్టాడు.

అరుపు ఆగాక, అద్దం అవతలి చీకటి గదిలో స్కాన్ బల్ల మెల్లగా లోపలికి జరుగుతున్న చప్పుడు వినబడింది. అతను మైకు బటన్ నొక్కాడు.

"కదలొద్దు సుందరీ. ఈసారి సరిగ్గా పంపిస్తా."