సుమిత్రమ్మ లేదు

"సుమిత్రమ్మ ఇల్లు గిదేనా?"

అరుగు మీద బీడీలు చుడుతున్న సుమిత్రమ్మ తలెత్తింది.

ఎదురుగా ముక్కూ మొహం తెలియని మనిషి. మాసిన గడ్డం, కొత్త చొక్కా. ఎండను చూడలేక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.



మగడు రాజనర్సు దుబాయి పోయి జాడ తెలియకుండా అయ్యాక, ఆమె పేరు అడుగుతూ వచ్చినవాడెవడూ మంచికి రాలేదు. ఒకడు "నీ మొగుణ్ని చూసిన" అని కడుపునిండా తిని పత్తా లేకుండా పోయాడు. ఇంకొకడు "ఒక్కదానివే ఎట్లుంటున్నవ్?" అని పళ్లికిలించాడు. బోధన్ గల్లీలో నోళ్లకేం తక్కువ? వాడు వచ్చిపోయిన ముచ్చటే నెల్లాళ్లు నమిలారు.

ఇంట్లో అత్తది మరో పోరు. చచ్చినవాళ్ల పేరున బియ్యమిచ్చే పెత్రమాస దగ్గరపడుతోంది. "ఈసారి నా కొడుకు పేర గూడ ఇచ్చేస్త" అంటోంది ముసల్ది. వద్దనడానికి, అతను బతికున్నాడన్న కబురు ఒక్కటీ సుమిత్రమ్మ దగ్గర లేదు.

"సుమిత్రమ్మ లేదు," అంది సుమిత్రమ్మ.

"ఏడికి పోయింది?"

"నాకేమెరుక? ఆమెతోని నీకేం పని?"

"ఆమెకే చెప్పాలె. మాటిచ్చిన."

"నాకు చెప్పు, నేను చెప్త."

అతను అడ్డంగా తల ఊపబోయి బాధతో మూలిగాడు. రెండు చేతులతో తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"నెత్తి పగుల్తుందక్కా. జెర నీళ్లియ్యి."

చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. తాగినవి తాగినట్టే కక్కాడు.

ఎదురింటి గంగుబాయి పరుగున వచ్చింది. ఆమెకు తెలియని రోగం ఈ భూమ్మీద లేదు మరి!

"ఎవడే వీడు?"

"ఏమో అక్కా. నా పేరు పట్టుకొని వచ్చిండు," సుమిత్రమ్మ గుసగుసలాడింది.

"మొగోడు లేని ఇంటికా? ఏదో మతలబుంది. నువ్వే అని చెప్పినవా?"

"చెప్పలే."

"మంచిపని జేసినవ్."

అంతలో అతను దిగ్గున లేచాడు. గోడ వైపు తిరిగి, "లెక్క వెడ్తుండ్రు! లైన్ల నిలబడుండ్రి!" అని కేకలు పెట్టాడు. చేతులు గజగజ వణికిపోతున్నాయి.

"ఓసి నీ! కల్లు పిచ్చేనే గిది," గంగుబాయి తేల్చేసింది.

మత్తుమందు కలిపిన కల్లు మీద గొడవై దుకాణాలన్నీ బందయిన రోజులవి. అలవాటైన కల్లు అందక జనం ఉన్నట్టుండి వణికేవాళ్లు, గోడలతో మాట్లాడేవాళ్లు, కట్టుకున్నదాన్నే కరిచేవాళ్లు. గల్లీలకు తెలిసిన వైద్యం ఒక్కటే. తువ్వాలతో గుంజకు కట్టెయ్యడం, ఎక్కడినుంచైనా ఇంత కల్లు తెచ్చి గొంతులో పొయ్యడం.

గంగుబాయి మగడు కాశయ్య, వర్ని ఊరి నుంచి తెచ్చి దాచుకున్న కల్లు సీసా పట్టుకొచ్చాడు. తాను తాగక పరాయివాడికి పోస్తున్నానని మొహం నిండా గొప్ప.

కట్టేటప్పుడు సుమిత్రమ్మ చెయ్యి చురుక్కుమంది.

"ఒళ్లు పెనం లెక్క కాలుతుందన్నా. మెడ గూడ వంగుతలేదు."

"కల్లు లేకుంటె నాకు గట్లనే అయితది. పట్టు!"

అతను పళ్లు బిగించాడు. "వద్దు... నేను తాగ..."

"తాగడంట! నకరాలు సూడు," అంటూ కాశయ్య దవడ నొక్కి పోశాడు.

సుమిత్రమ్మకు మనసు పీకింది. "దవాఖానకు తీస్కపోదమా?"

"నీకేమైతడని తీస్కపోతవ్?" గంగుబాయి కళ్లు చిన్నవి చేసింది. "గల్లీ ఏమంటదో ఎరుకేనా?"

సుమిత్రమ్మ నోరు మూసుకుంది. ఆడదాని నోరు మూయించడానికి ఆ ఒక్క మాట చాలు గదా!

కాసేపటికి అతని కేకలు తగ్గాయి.

"సూసిండ్రా? సల్లవడ్డడు," కాశయ్య మీసం దువ్వాడు.

అతను కష్టంగా కళ్లు తెరిచాడు.

"అక్కా... సుమిత్రమ్మ వచ్చిందా?"

ఆ గొంతులో మోసం లేదనిపించింది ఆమెకు. నేనేనని చెబుదామని నోటిదాకా వచ్చింది. చుట్టూ చేరిన మొహాలన్నీ ఆమెనే చూస్తున్నాయి.

"రాలే," అంది.

పొద్దుగూకకముందే ప్రాణం పోయింది.

మెదడుకు పాకిన జ్వరమని, మర్నాడు దవాఖానలో శవాన్ని కోసి చూసిన డాక్టరు చెప్పాడు. పిచ్చీ కాదు, కల్లూ కాదు. ముందే తెస్తే బతికేవాడేమోనన్నాడు.

చనిపోయినవాడి తమ్ముడు లాజరు, అన్నను వెతుక్కుంటూ ఇందల్వాయి నుంచి వచ్చాడు. సంగతి విని అరుగు మీదే చతికిలబడ్డాడు.

"కల్లు పోసిండ్రా? మా ఏసుదానమన్న పుట్టి బుద్ధెరిగినసంది కల్లు ముట్టలేదవ్వా! దుబాయి జైలు నుంచి ఇడిస్తె మొన్ననే ఇల్లు జేరిండు. వచ్చినసంది జెరమే. 'సుమిత్రమ్మకు చెప్పొస్తె గాని పండుకోను' అని బస్సెక్కిండు."

"ఏం చెప్పనీకె?" సుమిత్రమ్మ అతని దగ్గరకు జరిగింది.

"ఆమె పెనిమిటి పానంతోనే ఉన్నడట. వేరేటోని పాస్‌పోర్టు మీద పోయి, గా పేరుతోనే మా అన్నతోని జైల్ల పడ్డడట, తర్వాత ఇంకేదో జైలుకు మార్చిండ్రట. ఇజ్జత్ పోతదని, గా పేరు, గా జైలు పెండ్లానికి తప్ప ఇంకెవ్వలకు చెప్పద్దని మా అన్నతోని ఒట్టేయించుకున్నడు."

సుమిత్రమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఏ జైలు తమ్మీ? ఏం పేరు మీద ఉన్నడు?"

"నువ్వెవ్వలక్కా?"

"నేనే సుమిత్రమ్మను!"

లాజరు ఆమె మొహంలోకి చూడలేక తల దించుకున్నాడు.

"నాక్కూడ చెప్పలే అక్కా. గా పేరు, గా జైలు తెలిసినోడు మా అన్న ఒక్కడే ఉండె."