పెట్టిన ధరకు న్యాయం

"పాతవి మంచిగనే ఉన్నయి గదా! మళ్ల గివెందుకు?" అంది అమూల్య, డబ్బా మీది ధర చూసి.

"ధర చూడకు, పనితనం చూడు," అన్నాడు రాజ్‌కుమార్. "ఈ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా వినపడది. ఇగ జిందగీల మళ్ల కొనే పని లేదు."

రాజ్‌కుమార్ కరీంనగర్ శివార్లలోని ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పొద్దంతా రాయి కోసే మిషన్ల మోత. ఇంటికొచ్చాక కూడా చెవులు గుయ్యిమంటూనే ఉంటాయి. స్నానం చేసి, సోఫాలో వాలి, చెవులకు ఏదో ఒకటి తగిలించుకోవడం అతనికి పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. అమూల్య ఏమైనా చెబితే "ఊ" అంటాడు. ఇప్పుడు నేనేం చెప్పాను అని అడిగితే దానికీ "ఊ" అంటాడు.

కొత్త హెడ్‌ఫోన్లు వచ్చాక ఆ "ఊ" కూడా పోయింది. కుక్కర్ కూత లేదు, వీధిలో హారన్లు లేవు, అమూల్య లేదు. రాజ్‌కుమార్ మురిసిపోయాడు. ఫ్యాక్టరీలో కనిపించిన ప్రతివాడికీ "కొంటే గిసొంటియి కొనాలె" అని చెప్పాడు.

వారం తిరక్కముందే అవి ఆన్ కావడం మానేశాయి.

రాజ్‌కుమార్ ఇంట్లో చెప్పకుండా టవర్ సర్కిల్ దగ్గర రిపేరు షాపు నడిపే ముకర్రం దగ్గరికి పట్టుకుపోయాడు.

ముకర్రం విప్పి చూసి పెదవి విరిచాడు. "లోపల తడి పట్టింది అన్నా. బోర్డు ఖతం. తడి తగిలితే కంపెనీవోళ్లు వారంటీ గూడ ఇయ్యరు."

"తడి ఎక్కడిది?"

"ఎండకాలం గదా. చెమట గావచ్చు."

రాజ్‌కుమార్ పరేషాన్ అయ్యాడు. సంగతి తెలిస్తే అమూల్య ఏమంటుందో అతనికి బాగా తెలుసు. అనేదాంట్లో తప్పు లేదని కూడా తెలుసు. అందుకే ఆ సాయంత్రం చచ్చిన హెడ్‌ఫోన్లనే చెవులకు పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, లేని పాటకు తల ఊపడం మొదలుపెట్టాడు.

అమూల్య చిక్కుడుకాయలు తుంచుతూ ఎదురుగా కూర్చుంది.

"నీకు వినపడదని ఎరికే గనీ చెప్తున్న," అంది. "మా బాపుకు మోకాలు ఆపరేషన్ అయ్యి ఎన్ని దినాలాయె! చొప్పదండి ఏమన్న దేశం అవతల ఉన్నదా? ఒక్కపారి పోయి పలకరిస్తే నీ సొమ్మేం పోతది?"

తల ఊపడం ఆగబోయింది. రాజ్‌కుమార్ గబుక్కున మళ్లీ అందుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే తయారై, "పా, మామను చూసొద్దాం," అన్నాడు. అల్లుడు గడపలో అడుగు పెట్టగానే ముసలాయన మోకాలు సంగతి మరిచిపోయి లేచి నిలబడబోయాడు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద అమూల్య దారి పొడవునా కూనిరాగం తీసింది. ఆమె గొంతు అంత బాగుంటుందని రాజ్‌కుమార్‌కు అప్పుడే తెలిసింది.

ఇక రోజూ సాయంత్రం అదే తంతు. అతను తల ఊపుతాడు, ఆమె మాట్లాడుతుంది. అతని పొట్ట గురించి, చెప్పకుండా ఇంటికి భోజనానికి తెచ్చే దోస్తుల గురించి. నవ్వు వస్తే దగ్గినట్టు నటించేవాడు. దోస్తులు రావడం తగ్గింది. పొట్ట మాత్రం తగ్గలేదు.

ఒకరోజు ఆమె చేతిలో పని ఏదీ లేదు. ఊరికే కూర్చుంది.

"మనింటి దగ్గరి బడిల లెక్కల టీచర్ కావాల్నట. నన్ను రమ్మన్నరు. సోమవారం లోపల చెప్పాలె," అంది. "వద్దనే చెప్త. ఇంట్ల పని ఎట్ల అని నువ్వంటవు. పెండ్లికి ముందు పిల్లలకు లెక్కలు చెప్తుంటే నాకు ఆకలి గూడ కాకపోయేది. క్లాసంతా నా దిక్కే చూస్తుండె. ఇప్పుడు నేను మాట్లాడితే ఇనేటియి ఈ గోడలే."

రాజ్‌కుమార్ కళ్లు తెరవలేదు. తెరిస్తే తడి కనిపిస్తుంది. ఇన్నేళ్లలో తాను అన్న "ఊ"లన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

తెల్లారి అమూల్య లేచేసరికి చాయ్ తయారుగా ఉంది.

"అమూల్యా, నువ్వు మళ్ల టీచర్‌గ ఎందుకు చెయ్యరాదు? పొద్దుగాల వంట నేను చూస్త."

ఆమె గ్లాసు అందుకుంది. "నీకు గిట్ల ఎట్ల తోచింది?"

"మనసుకు తెలుస్తది," అన్నాడు రాజ్‌కుమార్ గర్వంగా.

మొదట్లో అన్నం ముద్దయింది, పప్పు మాడింది. అమూల్య అవే టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నవ్వుతూ బడికి వెళ్లింది. కొన్నాళ్లకు హెడ్‌ఫోన్లు చెవుల మీది నుంచి మెడలోకి దిగాయి. మెడలో నుంచి మేకుకు ఎక్కాయి. ఇప్పుడు సాయంత్రమైతే "ఇయ్యాల క్లాసుల ఏమైంది?" అని అతనే అడుగుతున్నాడు. హెడ్‌ఫోన్ల గురించి ఫ్యాక్టరీలో ఎవరైనా అడిగితే మాత్రం, "పెట్టిన ప్రతి పైసకు న్యాయం చేసినయి," అంటాడు. ఆ మాట అబద్ధం కాదని అతని నమ్మకం.

ఓసారి నాలుగు రోజులు ఉండిపోదామని నిర్మల్ నుంచి అమూల్య చెల్లెలు వనిత వచ్చింది. బావ వంట చేసి, అక్కకు డబ్బా కట్టి, ఫ్యాక్టరీకి వెళ్లడం చూసి నోరెళ్లబెట్టింది.

"అక్కా, బావ గింత మంచిగ ఎట్ల మారిండే? మా ఆయన చెవులల్ల గూడ ఎప్పుడు జూసినా ఏదో ఒకటి ఉంటది. నేను చెప్పేది ఒక్కటి ఇనడు. గా హెడ్‌ఫోన్లు వచ్చినంక బావ మారిండంటున్నవు గదా, ఆయనకు గూడ గవే కొనిస్త. మరి గంత ధరవే కావాల్నా?"

అమూల్య ఒకసారి వాకిలి వైపు చూసి, చెల్లెలి చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది: "ఏవైనా నడుస్తయి చెల్లె, గనీ కొన్న వారంలోపల్నే, ఆయన స్నానానికి పోయినప్పుడు, నేను ముంచినట్టు వాటిని బకెట్ నీళ్లల్ల ముంచి, మంచిగ తుడిచి, తీసిన కాడనే పెట్టు."